అడగండి చెప్తాను: నీళ్ళు మోసినవాళ్ళకే తెలిసింది

డిసెంబర్ వచ్చిందంటే చాలు నాకొచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. మిగతా పదకొండు నెలలూ అత్తాకోడళ్ళ గొడవలు, అద్దింటి ఓనర్లు, పిల్లల మార్కులు. ఈ నెల మాత్రం కేకులు, క్యారల్స్, చుట్టాలు, ఆ పైన దేవుడు. ఈసారి వాట్సాప్‌లో వచ్చినవీ పోస్టులో వచ్చినవీ కలిపి పెద్ద కట్టే అయింది (పోస్టులో రాసేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ ఓపికకి నా దండం), అందులో ఆరింటికి ఇక్కడ జవాబు చెప్తున్నాను, మిగిలినవాళ్ళు అలగొద్దు. పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి పేటల పేర్లే వేస్తున్నాను.

ప్రశ్న: అక్కా వందనాలు. మా చర్చి సంఘంలో డిసెంబర్ నెలంతా సాక్ష్యాలు, అంటే దేవుడు తమకి చేసిన మేలు, అందరి ముందూ చెప్పిస్తారు. ఒకరికి గడ్డ కరిగిపోయిందంటారు, ఒకరికి ఆరేళ్ళకి కడుపు పండిందంటారు, ఇంకొకరి అబ్బాయికి వీసా వచ్చిందంటారు. నా వంతు వచ్చేసరికి చెప్పడానికి ఏమీ ఉండదు. మా ఆయన ఆటో తోలతారు, నేను ఇంట్లో కుట్టుపని చేస్తాను, ఇద్దరు పిల్లలు, కొంచెం అప్పు, అంతే. పోయినసారి "దేవుడు కాపాడాడు" అని ఒక్క ముక్క చెప్పి కూర్చుండిపోయాను, వెనకాల ఎవరో నవ్వారు. మా ఇంట్లో అద్భుతాలు ఎందుకు జరగవు అక్కా? – గాజువాక

జవాబు: ముందు ఆ నవ్వినావిడ సంగతి వదిలెయ్యమ్మా, ఆవిడ చేతికి మైకిస్తే ఆవిడా అంతే చెప్తుంది. గడ్డ కరిగిందన్నావిడ మాత్రం మళ్ళీ స్కానింగ్ చేయించుకుందో లేదో మెల్లిగా కనుక్కో, సాక్ష్యం చెప్పేశాను కదా అని మందులు మానేసినవాళ్ళని నేను చూశాను.

కానా ఊరి పెళ్ళిలో ద్రాక్షారసం అయిపోతే యేసు నీళ్ళని ద్రాక్షారసం చేసిన కథ నీకు తెలుసు కదా. ఎన్నిసార్లు విన్నా మన బుర్ర ద్రాక్షారసం దగ్గరే ఆగిపోతుంది, నేను కూడా నలభయ్యేళ్ళు అలాగే విన్నాను. ఓ ఎండాకాలం మా అపార్ట్‌మెంట్ మోటార్ కాలిపోయి మూడో అంతస్తుకి బిందెలు మోసుకున్నప్పుడు, రెండో మెట్ల మలుపులో ఆగి రొప్పుతుంటే, నాకు ఆ కథలో బానలు గుర్తొచ్చాయి. ఇంటికెళ్ళి యోహాను సువార్త రెండో అధ్యాయం తీశాను. ఆరు రాతిబానలు, ఒక్కోటి రెండేసి మూడేసి తూములు పడతాయి, ఇప్పటి లెక్కలో చెప్పాలంటే ఒక్కోటి 80 నుంచి 120 లీటర్లు, ఆరూ కలిపితే 500 నుంచి 700 లీటర్ల దాకా. మనింటికి వచ్చే 20 లీటర్ల వాటర్ టిన్నుల లెక్కలో పాతిక నుంచి ముప్పై అయిదు టిన్నులు! కుళాయి లేదు, మోటార్ లేదు, బావి ఎంత దూరమో రాయలేదు. యేసు నింపమన్నాడు, పనివాళ్ళు అంచులదాకా నింపారు. తర్వాత ఏమైందో చూడు, విందుపెద్దకి ఆ రసం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు, పెళ్ళికొడుకుని పిలిచి పొగిడాడు, పెళ్ళికొడుక్కి ఏం అర్థమైందో మనకి తెలీదు, తాగినవాళ్ళు తాగారు, నీళ్ళు తోడిన పనివాళ్ళకి మాత్రం తెలుసు. ఈ మాట అక్కడ స్పష్టంగా రాసుంది. నాకైతే ఆ వాక్యం దొరికాక మిగతా కథ చిన్నదైపోయింది.

నా సంగతొకటి చెప్తాను. చాలా ఏళ్ళ కిందట డిసెంబర్ 24 రాత్రి మా అమ్మని పెట్టుకుని ఒక ఆసుపత్రి వరండాలో ఉన్నాను. క్యాంటీన్ కట్టేశారు, నా దగ్గర బిస్కెట్ ముక్క లేదు, ఎక్కడో దూరంగా క్యారల్స్ వాళ్ళ డ్రమ్ము వినబడుతోంది, అది వింటే ఇంకా ఏడుపొస్తోంది. పక్క చాప మీద శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినావిడ, కొడుక్కి కాలు విరిగిందని పదిరోజులుగా అక్కడే ఉంటోంది. మూడు గిన్నెల స్టీలు క్యారేజీ విప్పి, పై గిన్నెలో అన్నం మీద చెంచాతో అడ్డంగా ఒక గీత గీసింది. గీతకి ఇటు నాది, అటు ఆవిడది. చింతకాయ పచ్చడి మూతలో వేసి నా ముందు పెట్టింది, ఇంకో గిన్నె లేదు మరి. "తినీయమ్మా, రాత్రల్లా మెలకువగుండాల, కడుపులో ఏటీ లేకపోతే ఎలాగ" అంది. తినేటప్పుడు చూశాను, ఆ గీత నడిమధ్యలో లేదు, నా వైపే ఎక్కువుంది. ఆ రోజు ఏం పండగో ఆవిడకి తెలీదు, నేనూ చెప్పలేదు.

మా అమ్మ ఆ తర్వాత నెలకి పోయింది. అందుకని స్వస్థత సాక్ష్యం నేను చెప్పలేను, ఎవరైనా అడిగితే ఆ గీత గురించి చెప్తాను.

నీకూ ఉంటాయమ్మా. ఆటోలో ఎవరో మర్చిపోయిన సంచి పట్టుకుని మీ ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళిన రోజు ఉండే ఉంటుంది. స్కూల్ ఫంక్షన్ రేపనగా ఎవరి పిల్లకో రాత్రి పన్నెండింటిదాకా కూర్చుని గౌను కుట్టిచ్చి, డబ్బులు మెల్లిగా ఇద్దువులే అన్న రోజూ ఉండే ఉంటుంది. ఆ గౌనేసుకుని స్టేజీ ఎక్కిన పిల్లకి అది ఎలా వచ్చిందో తెలీదు, నీకు తెలుసు. ఈసారి మైకొస్తే అలాంటిదొకటి చెప్పు, ఎదుటివాళ్ళ పేరు మాత్రం చెప్పకు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా బాబు నాలుగో తరగతి. సండే స్కూల్ డ్రామాలో వాడికి సత్రం యజమాని వేషం ఇచ్చారు. డైలాగ్ ఒక్కటే, "చోటు లేదు, పొండి" అని. రిహార్సల్ నుంచి రావడమే ఏడుపు, యేసయ్యని తరిమేసినోడని ఫ్రెండ్స్ ఏడిపిస్తున్నారంట, యోసేపు వేషం కావాలంట. టీచర్‌ని అడగమంటారా? – జ్ఞానాపురం

జవాబు: అడక్కండి, యోసేపుకి డైలాగులే ఉండవు, నాలుగు సువార్తల్లో ఆయన నోట ఒక్క మాట కూడా లేదు, పాపం నిలబడీ నిలబడీ కాళ్ళు నొప్పెట్టే వేషం అది.

మీ వాడికి ఇంకో రహస్యం చెప్పండి. లూకా సువార్తలో సత్రం యజమాని అనేవాడే లేడు. యేసు పుట్టినప్పుడు సత్రంలో యోసేపు, మరియలకి స్థలం లేదు అని ఒక్క ముక్క ఉంది, అంతే. తలుపు తీసినవాడు లేడు, పొమ్మన్నవాడు లేడు, గడ్డం పెట్టుకుని లాంతరు పట్టుకున్న ఆ పెద్దమనిషి మన డ్రామాల్లోనే పుట్టాడు.

ఇంకా తవ్వితే అసలు సత్రమే అనుమానం. గ్రీకులో లూకా అక్కడ వాడిన మాట కటాలుమా. అదే మాట అదే సువార్త 22వ అధ్యాయంలో మళ్ళీ వస్తుంది, యేసు చివరి భోజనానికి గది అడిగినప్పుడు, అక్కడ మన తెలుగు బైబిల్లో "విడిది గది" అని ఉంటుంది. మరి యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు దెబ్బలు తిన్నవాణ్ణి తీసుకెళ్ళి డబ్బు కట్టి పెట్టాడే, ఆ పూటకూళ్ళ ఇంటికి లూకా పూర్తిగా వేరే మాట వాడాడు, పండొకెయాన్ అని. అందుకని చాలామంది పండితులు ఏమంటారంటే, బేత్లెహేములో నిండిపోయింది డబ్బిచ్చి ఉండే సత్రం కాదు, ఎవరో చుట్టాలింట్లో విడిది గది, జనాభా లెక్కకి ఊరు ఊరంతా దిగింది కాబట్టి ఆ గది ఖాళీ లేక, పశువుల్ని కట్టుకునే వైపు సర్దారని. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం ఇదే నమ్మబుద్ధేస్తుంది ఎందుకంటే విడిది అంటే ఏంటో మనకి తెలుసు. మా చిన్నప్పుడు పెదనాన్నగారింట్లో పెళ్ళికి యాభై మంది దిగితే మగాళ్ళందరూ డాబా మీద, ఆడాళ్ళందరూ హాల్లో వరసగా, బాలింత వచ్చిందని మా పిన్నికి వంటింటి పక్కన సరుకుల గది ఖాళీ చేసిచ్చారు. పిల్లని వెదురు తట్టలో పాత నేతచీర మడతపెట్టి పడుకోబెట్టారు, ముందురోజు దాకా ఆ తట్టలో వంకాయలున్నాయి. దాన్ని ఎవరూ తరిమెయ్యడం అనుకోలేదు, ఇంట్లో వెచ్చగా ఉండే గది అదే.

మాటల సంగతి ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే ఇందులో మన ఊరికీ వాటా ఉంది. 1805లో లండన్ మిషన్ నుంచి జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ అని ఇద్దరు పాదిరీలు విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో డెగ్రాంజ్ ఇక్కడే కూర్చుని సువార్తల్ని తెలుగులోకి తెచ్చాడు. 1810లో చనిపోయాడు, ఆయన చేసిన మత్తయి, మార్కు, లూకా 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చులో పుస్తకాన్ని ఆయన చూసుకోలేదు. అంటే యేసుని పశువుల తొట్టిలో పడుకోబెట్టిన కథ తెలుగు అచ్చులోకి వెళ్ళింది మన పాతవూరి వైపు నుంచే. మీరు ఉండేది జ్ఞానాపురం, ఆ వీధులు దగ్గరే కదా, ఓ సాయంత్రం బాబుని తీసుకెళ్ళి చూపించండి, ఏడుపు సగం అక్కడే పోతుంది.

టీచర్‌ని అడగాలంటే ఒక్కటి అడగండి, డైలాగ్ కొంచెం పెంచమని. "గది నిండిపోయిందయ్యా, ఉండండి, పాక ఊడిపించి ఇస్తాను" అని చెప్పి చీపురు పట్టుకుని పరిగెట్టమనండి. చప్పట్లన్నీ వాడికే.

ప్రశ్న: నమస్తే అండి. మా ఎదురు ఫ్లాట్‌కి క్రిస్టియన్ ఫ్యామిలీ వచ్చి ఏడాదవుతోంది, మంచివాళ్ళు. ఉగాది పచ్చడి పంపితే తీసుకున్నారు గానీ వినాయకచవితికి ఉండ్రాళ్ళు పంపితే "ఏమనుకోకండి" అని తిప్పి పంపేశారు. నేను చాలా నొచ్చుకున్నాను. ఇప్పుడు క్రిస్మస్‌కి భోజనానికి పిలిచారు. మేం శాకాహారులం, మా అత్తగారైతే గుడ్డు తగిలిన గిన్నె కూడా ముట్టుకోరు. వెళ్ళాలా, ఏదో వంక చెప్పి మానేయాలా? – ఎంవీపీ కాలనీ

జవాబు: వెళ్ళండి. ఉండ్రాళ్ళ సంగతి మనసులో పెట్టుకుని మానేస్తే వాళ్ళకి కారణం ఎప్పటికీ తెలీదు, మీకు కోపం ఎప్పటికీ పోదు.

వాళ్ళు తీసుకోనిది మీ చేతి వంటని కాదండి. దేవుడికి నివేదించింది తినకూడదని కొందరు క్రైస్తవుల నమ్మకం, ఉగాది పచ్చడిని మామూలు తినే వస్తువు లెక్కలో తీసుకున్నారు, ఉండ్రాళ్ళు ప్రసాదం అనుకున్నారు. ఈ గొడవ ఇప్పటిది కాదు, బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, అంటే ఉత్తరంలో, 8, 10 అధ్యాయాలు దాదాపు దీని గురించే. అందులోనే ఇంకోటి కూడా ఉంది, అవిశ్వాసి ఎవరైనా భోజనానికి పిలిస్తే, నీకు వెళ్ళాలనుంటే వెళ్ళు, పెట్టింది ఆరాలు తియ్యకుండా తిను అని, కాకపోతే ఇది నైవేద్యం అని ఎవరైనా చెప్తే మానెయ్యమన్నాడు. ఆ మాట మొదటి సగం పట్టుకునేవాళ్ళున్నారు, రెండో సగం పట్టుకునేవాళ్ళున్నారు, ఒకే ఇంట్లో మొగుడూ పెళ్ళాం చెరో సగం పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. వచ్చే చవితికి నివేదన పెట్టకముందే ఓ గిన్నె విడిగా తీసి "ఇది దేవుడి దగ్గర పెట్టలేదండి" అని చెప్పి పంపండి, తీసుకుంటారనే నా నమ్మకం.

మీ తిండి సంగతి కూడా ఇలాగే నోరు విప్పి చెప్పెయ్యాలి. ఫోన్ చేసి "మేం నీచు తినం, గుడ్డు కూడా తినం, మాకోసం ఏం హైరానా పడొద్దు" అనండి. చాలా ఇళ్ళల్లో క్రిస్మస్‌కి వెజ్ విడిగా వేరే గిన్నెల్లో చేయిస్తారు, అయినా ముందు తెలిస్తే వాళ్ళకీ స్థిమితం. అరిసెలు, జంతికలు, కజ్జికాయలతో మీకు బాధ లేదు. గులాబీ పువ్వులని అచ్చుతో వేసే పిండివంట ఉంటుంది, అందులో గుడ్డు వేస్తారు చాలామంది, అడిగి తీసుకోండి. ప్లమ్ కేక్‌లో గుడ్డే కాదు, పళ్ళు రమ్ములో నానబెట్టి వేసే రకం కూడా ఉంటుంది, మీ అత్తగారికి ఆ ముక్క చెప్పకుండా ప్లేటు పక్కకి జరిపెయ్యండి చాలు. ఆవిడ ఏమీ తిననంటే అరటిపండు, కాఫీ, అంతే, వచ్చి కూర్చోవడమే వాళ్ళకి గొప్ప. చేత్తో ఏం పట్టుకెళ్ళాలా అనుకుంటే పూర్ణా మార్కెట్ నుంచి చామంతులు తెచ్చి ఇవ్వండి.

ఇదే నేను క్రైస్తవ పాఠకులకీ చెప్తున్నాను, పిలిచేటప్పుడే "మీరేం తింటారు" అని అడగండి, వడ్డించేటప్పుడు "ఇందులో గుడ్డుంది" అని చెప్పండి. ఎదుటివాళ్ళ నియమం మనకి చాదస్తంలా కనిపించొచ్చు, మన ఉండ్రాళ్ళ నియమం వాళ్ళకీ అలాగే కనిపించింది కదా.

హార్బర్ దగ్గర మూడు కొండలు చూసే ఉంటారు, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, దాన్ని మనవాళ్ళు కొండగుడి అనే అంటారు, చర్చి అన్నవాళ్ళు తక్కువ. డిసెంబర్ 8 పండక్కి ఆ మెట్లెక్కండి, బొట్టు పెట్టుకుని కొవ్వొత్తి పట్టుకున్న ఆడవాళ్ళు ఎంతమందో. వాళ్ళలో ఒకావిడని ఎందుకొచ్చారండీ అని అడిగితే నా వంక విచిత్రంగా చూసింది, "ఏటండీ, అమ్మ కాదేటి?" అని.

ప్రశ్న: అమ్మా, మాది రెండు గదుల రేకుల ఇల్లు. ఈసారి క్యారల్స్ మా ఇంటికి కూడా వస్తామన్నారు, ముప్ఫై మంది దాకా ఉంటారు, రాత్రి ఒంటిగంటో రెండో అవుతుంది. పక్కింటివాళ్ళు కేకు, కూల్ డ్రింకు, బిర్యానీ ప్యాకెట్లు ఇస్తున్నారంట. మా వల్ల కాదు. రావద్దని చెప్పెయ్యనా? ఇంకోటి, ఇంట్లో ఎవరొచ్చినా పని నా ఒక్కదానిదే. – కంచరపాలెం

జవాబు: రమ్మను. ఇల్లు చిన్నదని మొహమాటపడితే మా వీధి సంగతి విను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా పెదవాల్తేరు వీధిలో చెట్లన్నీ కూలిపోయి రోజుల తరబడి కరెంటు లేదు, కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు ఎందుకు పనికొస్తాయి? మా వెనకాల ఒకే గదిలో ఉండే ఒకావిడ పెరట్లో పాత చేతి బోరింగు ఉండేది, అదివరకు దాని చప్పుడుకి మేమే విసుక్కునేవాళ్ళం. ఆ వారం వీధి వీధంతా ఆవిడ వాకిట్లో లైను కట్టింది, కార్లున్నవాళ్ళు, ఆఫీసర్లు, అందరూ బకెట్లతో. ఆవిడ తలుపు పక్కన స్టూలేసుకుని కూర్చుని మనిషికి రెండు బిందెలని లెక్క పెట్టి పంపేది, ముసలాళ్ళుంటే తన కొడుకు చేత మోయించేది. ఆవిడ ఇల్లు ఎంత చిన్నదో ఆ వారం ఒక్కరం కూడా తలుచుకోలేదు.

ఇక తిండి. అర్ధరాత్రి మూడు ఇళ్ళల్లో కేకు తినొచ్చినవాడికి నాలుగో ఇంట్లో కేకు చూస్తే వాంతొస్తుంది, ఇది నేను క్యారల్స్‌కి తిరిగిన రోజుల్నుంచి తెలిసిన సంగతి. వాళ్ళకి కావాల్సింది వేడిగా ఒకటి, ఉప్పగా ఒకటి. ముప్ఫై మందికి చిన్న పేపర్ కప్పుల్లో టీ అంటే రెండు లీటర్ల పాలు, ముప్పావు లీటరు నీళ్ళు, బాగా దంచిన అల్లం, సరిపోతుంది. కిలో నల్ల సెనగలు పొద్దున్నే నానబోస్తే సాయంత్రానికి రెట్టింపు అవుతాయి, కుక్కర్లో ఉడకబెట్టి ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి, పైన పచ్చి మావిడికాయ దొరికితే కోరు, లేకపోతే నిమ్మకాయ పిండు. ఆకుదొన్నెలో గుప్పెడు. గొంతులు బొంగురుపోయి వస్తారు కదా, అల్లం టీ తాగాక వాళ్ళు పాడే పాట ముందు ఇంట్లో పాడినదానికన్నా బాగుంటుంది చూడు. మీ సందులోకి రావడానికి అరగంట ముందు ఫోన్ చెయ్యమని లీడర్‌కి చెప్పు, పిల్లలు పడుకున్న ఇళ్ళ ముందు డ్రమ్ము ఆపమని కూడా చెప్పు, సందులో పేషెంట్లుంటే మరీనూ. కానుక కవర్లో ఎంత పెట్టాలా అని బెంగ వద్దు, పెట్టగలిగింది పెట్టు.

రెండో సంగతికి నా జవాబు మీ ఆయనకి. అయ్యా, మీరు గుమ్మంలో నిలబడి రండి రండి అంటే దాన్ని ఆతిథ్యం అంటున్నారు, వెనకాల పొయ్యి దగ్గర ఉన్నావిడని ఏమంటున్నారు? బైబిల్లో యేసు ఇంటికొచ్చినప్పుడు, తోబుట్టువు మరియ ఆయన దగ్గర కూర్చుని మాటలు వింటుంటే, మార్త కూడా ఆయన్ని ఇదే అడిగింది, మరియ పని నా ఒక్కదాని మీదే పడేసింది, మీకు పట్టదా అని. ఆ కథ మీద ప్రసంగం చెప్పిన ప్రతిసారీ మార్తకి చీవాట్లే, ఒక్క మగాడైనా లేచి గిన్నె అందుకున్నాడా అని ఎవరూ అడగరు. ఈసారి కప్పులు మీరు పంచండి, గిన్నెలు మీరు కడగండి, అమ్మాయిని గుమ్మంలో నిలబడి పాట విననివ్వండి.

ప్రశ్న: నేను నర్సుని. మాది పాడేరు దగ్గర పల్లె, ఇక్కడ హాస్టల్లో ఉంటున్నాను. 24 రాత్రి నాకు నైట్ డ్యూటీ పడింది, మారమంటే ఎవరూ మారడం లేదు. మూడేళ్ళుగా ఇంతే. ఆరాధన లేని క్రిస్మస్ కూడా క్రిస్మసేనా? – మహారాణిపేట

జవాబు: లూకా రెండో అధ్యాయంలో దూత ఎవరి దగ్గరికి వెళ్ళిందో చూడు తల్లీ, పొలంలో రాత్రిపూట వంతులేసుకుని మందని కాసుకుంటున్నవాళ్ళ దగ్గరికి. యేసు పుట్టాడన్న మొదటి కబురు నైట్ డ్యూటీవాళ్ళకే అందింది, ఊళ్ళో పడుకున్నవాళ్ళకి తర్వాత వాళ్ళే వెళ్ళి చెప్పారు. ఆ రాత్రి నీ వార్డులో ఎవరికో దాహమేస్తుంది, నువ్వే ఇస్తావు.

అయినా మూడేళ్ళు వరసగా నీకే పడటం అన్యాయం, వచ్చే ఏడాది రోస్టర్ గురించి నవంబర్లోనే రాతపూర్వకంగా అడుగు, మొహమాటపడకు. ఆసుపత్రుల చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఇది చదువుతుంటే, 25 మధ్యాహ్నం ఓ క్యారేజీ ఎక్కువ కట్టండి, డ్యూటీ దిగిన పిల్లలకి హాస్టల్‌కి పంపండి. పేషెంట్లకి మాత్రం సిస్టర్‌ని అడక్కుండా ఏమీ పెట్టొద్దు, షుగరున్నవాళ్ళకి కేకు పెట్టేసి పుణ్యం వచ్చిందనుకునేవాళ్ళు ఎక్కువైపోయారు.

ప్రశ్న: అత్తా, గులాబీ పువ్వులు అచ్చుకే అంటుకుపోతున్నాయి. కొత్త అచ్చు. రెండు డజన్లు వేస్తే ఐదు వచ్చాయి, మిగతావి ముక్కలు. ఏం చెయ్యను? – సీతమ్మధార

జవాబు: కొత్త అచ్చు అలాగే ఏడిపిస్తుంది. బాగా కడిగి తుడిచి, రాత్రంతా నూనెలో ముంచి ఉంచు. పొద్దున్న మూకుట్లో నూనె కాగేటప్పుడే అచ్చు కూడా అందులో పెట్టి ఐదు నిమిషాలు కాగనివ్వు. అచ్చు చల్లగా ఉంటే పిండి అంటుకుపోతుంది, మరీ కాలిపోతే పిండి అసలు పట్టకుండా జారిపోతుంది, ఆ మధ్యలో ఉండాలి, అది నీ చెయ్యే కనిపెట్టుకోవాలి. పిండి దోసెల పిండి కన్నా ఒక్క పిసరు పల్చగా. పంచదార ఎక్కువైనా అంటుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, అచ్చుని ముప్పావు వంతే ముంచాలి, పై అంచు మీదకి పిండి వచ్చిందా ఇక ఊడిరాదు. ప్రతిసారీ ముంచేముందు అచ్చు మళ్ళీ నూనెలో పెట్టి, బొట్లు దులిపి, అప్పుడు పిండిలో. మొదటి రెండు మూడు ఎలాగూ విరుగుతాయి, అవి లెక్కలోకి రావు, పొయ్యి దగ్గర ఎవరు నిలబడి ఉంటే వాళ్ళవి.

నా అచ్చు అరువిద్దామంటే అది నా దగ్గర లేదు. పైన బోరింగు ఆవిడ గురించి చెప్పాను కదా, తుఫాను వెళ్ళిన ఏడాది సంక్రాంతికి అడిగి తీసుకెళ్ళింది, అప్పట్నుంచి అక్కడే ఉంది. ప్రతి డిసెంబరూ అడుగుదామనుకుంటాను, ఈలోగా 23వ తారీకో 24వ తారీకో డబ్బా నిండా ఆవిడే వేసి పంపిస్తుంది, నేను వేసినవాటికన్నా కరకరలాడతాయి కూడా.